కోటి బ్రహ్మాండాలు, ఒక రావిమొక్క

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇది. ఇంజనీరింగ్ చదివే మీ స్నేహితుడు "మల్టీవర్స్, అంటే మనది కాక ఇంకా అనేక విశ్వాలు, ఉందని తేలితే దేవుడి పని అయిపోయినట్టే" అంటున్నాడు. మీ మామయ్య "అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడని మనవాళ్లు ఎప్పుడో అన్నారు, సైన్సు ఇప్పుడిప్పుడే అక్కడికి వస్తోంది" అంటున్నారు. ఇద్దరిలో ఎవరిది సరి అని అడిగారు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. పదవీ విరమణ తరవాత ఒక పండితుడి దగ్గర కూర్చుని తర్కం, వేదాంతం కొంత చదువుకున్నాను. అందువల్ల రెండు పక్షాల ధోరణీ నాకు బాగా పరిచయం. నా లెక్కలో ఇద్దరిదీ సరి కాదు. మీ మామయ్య పొరపాటు కాస్త ముద్దుగా ఉంటుంది, అంతే తేడా.

లోకాలు ఎన్ని అన్న ప్రశ్నకూ, దేవుడున్నాడా అన్న ప్రశ్నకూ ముడి ఉందని మీ స్నేహితుడు అనుకుంటున్నాడు. ఆ ముడి ఎంత వదులో మన దేశంలోనే చూడవచ్చు. జైనులకు లోకం ఒక్కటే, పద్నాలుగు రజ్జువుల (అది వాళ్ల కొలత) ఎత్తు, దాని బయట ఏమీ లేని అలోకాకాశం, సృష్టికర్త లేడు. బౌద్ధులకు లోకాలు లెక్కలేనన్ని. వెయ్యి లోకాలు ఒక కట్ట, అలాంటి కట్టలు వెయ్యి, మళ్లీ వాటికి వెయ్యి రెట్లు కలిపి ఒక మహాసాహస్ర లోకధాతువు, అంటే వంద కోట్ల లోకాలు. అక్కడా సృష్టికర్త లేడు. పురాణాల్లో బ్రహ్మాండాలు అనంతం, ఈశ్వరుడు ఒక్కడు. మధ్యయుగపు ఐరోపాలో విశ్వం ఒక్కటి, దేవుడూ ఒక్కడే. లోకం ఒకటా అనేకమా, దేవుడు ఉన్నాడా లేడా అని గళ్లు గీస్తే నాలుగు గదులూ నిండి ఉన్నాయి. లోకాలు పెరిగినకొద్దీ దేవుడు తగ్గుతాడన్న సూత్రం వీళ్లలో ఎవరికీ తట్టలేదు.

ఐరోపా సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, నాకు చాలా ఇష్టమైన ఘట్టం. భూమికి సహజస్థానం విశ్వకేంద్రమనీ, రెండు విశ్వాలుంటే రెండు కేంద్రాలు ఉండవలసి వస్తుందనీ, అందుకే విశ్వం ఒక్కటేననీ అరిస్టాటిల్ వాదించాడు. పారిస్‌లో కొందరు పండితులు దాన్ని పట్టుకుని, దేవుడు కూడా రెండో విశ్వాన్ని చేయలేడనేదాకా వెళ్లారు. 1277 మార్చిలో పారిస్ బిషప్ ఎటియెన్ టెంపియే 219 ప్రతిపాదనలను నిషేధించినప్పుడు ఇదీ ఆ జాబితాలో చేరింది. అంటే బహుళ విశ్వాలు అసాధ్యమని చెప్పడమే అపచారమైంది! దేవుడి శక్తికి హద్దు గీయకూడదు కదా. ఆ తరవాతి శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరెమ్ అరిస్టాటిల్ వాదంలోని లొసుగులు చూపించి, దేవుడు కావాలంటే ఎన్ని విశ్వాలైనా చేయగలడు, కానీ చేసినది ఒక్కటే అని తేల్చాడు. అంతకు ముందే పర్షియా పండితుడు ఫఖ్రుద్దీన్ రాజీ కూడా దేవుడు ఈ లోకం అవతల వేలవేల లోకాలు చేయగలడని వాదించాడు. కాబట్టి మల్టీవర్స్ అన్న మాట వినగానే ఆస్తికులు కంగారు పడాలన్నది ఈ మధ్య వచ్చిన ఆలోచన. ఎందుకు వచ్చిందో చూద్దాం.

మొదట, భౌతికశాస్త్రంలో మల్టీవర్స్ ఒకటి కాదు. మనం చూడగల విశ్వానికి 1,380 కోట్ల ఏళ్ల వయసు, దాదాపు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల వ్యాసార్ధం. దాని అవతల కూడా అంతరిక్షం ఉందనడంలో పెద్ద వివాదం లేదు. అసలు గొడవ తరవాతి మెట్లలో ఉంది. 1981లో భౌతికవేత్త అలన్ గూత్ ప్రతిపాదించిన ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం (ధరల సంగతి కాదు, తొలి క్షణపు అతివేగ వ్యాకోచం) ఉంది. అది ఒకచోట ఆగినా మరోచోట సాగుతూనే ఉంటుందని, ఆగిన ప్రతిచోటా ఒక కొత్త విశ్వం బుడగలా ఏర్పడుతుందని ఆ దశకంలోనే విలెంకిన్, లిండే అనే భౌతికవేత్తలు చూపించారు. స్ట్రింగ్ సిద్ధాంతం (పదార్థమంతా అతిసూక్ష్మమైన తీగల కంపనమనే ఊహ) వాళ్లు వచ్చి, ఒక్కో బుడగలో భౌతిక స్థిరాంకాలు, అంటే ప్రకృతి నియమాల్లోని మారని అంకెలు, ఒక్కో రకంగా ఉండవచ్చన్నారు. ఎన్ని రకాలు? 1 పక్కన 500 సున్నాలు పెట్టినన్ని అని తరచుగా వినబడే అంచనా. ఇక 1957లో భౌతికవేత్త ఎవరెట్ చెప్పిన క్వాంటం శాఖలు పూర్తిగా వేరే జాతి. దాని దగ్గరికి చివర్లో వస్తాను, అసలైన చిక్కు అక్కడుంది.

వీటిలో దేనికీ ఇంతవరకు నేరుగా పరిశీలన సాక్ష్యం లేదు. ఈ మాట మీ స్నేహితుడికి గట్టిగా చెప్పండి. అలాగే, దేవుణ్ణి తప్పించుకోవడానికే శాస్త్రవేత్తలు మల్టీవర్స్‌ను కల్పించారని కొందరు ప్రవచనకారులు అంటుంటారు, అది కూడా నిజం కాదు. గూత్ పరిష్కరించాలనుకున్నవి వేరే లెక్కలు. ఆ సమీకరణాలను ముందుకు నడిపిస్తే బుడగలు తామే వచ్చి పడ్డాయి.

ఇప్పుడు కంగారుకు మూలం. 1953లో ఖగోళవేత్త ఫ్రెడ్ హోయిల్ నక్షత్రాల్లో కార్బన్ ఎలా తయారవుతుందని ఆలోచించాడు. మూడు హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ కావాలి. మామూలుగా అయితే అది మరీ అరుదు. కార్బన్ కేంద్రకంలో సరిగ్గా ఒకచోట, సుమారు 76.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒక శక్తిస్థాయి ఉంటే తప్ప ఇంత కార్బన్ (అది లేకపోతే మనమూ లేం) తయారయ్యేది కాదని లెక్క వేసి, అమెరికాలోని, కాల్‌టెక్ ప్రయోగశాల వాళ్లను వెతకమని పోరాడాడు. వెతికితే దొరికింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా విచిత్రమైనది శూన్యశక్తి, ఖాళీ అంతరిక్షంలోనే ఉండే శక్తి, అంటే కాస్మలాజికల్ కాన్‌స్టంట్. క్వాంటం సిద్ధాంతంతో స్థూలంగా లెక్క కడితే వచ్చే విలువ, కొలిచిన విలువకు 1 పక్కన 120 సున్నాలు పెట్టినన్ని రెట్లు. లెక్కలో వచ్చినంతా ఉండి ఉంటే ఒక్క నక్షత్రమండలం (గెలాక్సీ) కూడా కుదురుకునేది కాదు. తంబురా తీగను ఎవరో చెవి ఒగ్గి శ్రుతి చేసినట్టు ఉంది వ్యవహారం. "శ్రుతి చేసినవాడు ఎవరు?" అన్న ప్రశ్నకు ఆస్తికులు ఇచ్చే జవాబు మీకు తెలిసిందే. హోయిల్ నాస్తికుడే, అయినా ఎవరో మహామేధావి భౌతికశాస్త్రంలో వేలు పెట్టినట్టుందని ఆయనే తరవాత రాశాడు.

మల్టీవర్స్ దెబ్బ తగిలేది సరిగ్గా ఈ వాదానికి. పాత గుడి గోపురం పగుల్లో మొలిచే రావిమొక్కను చూశారా? పక్షులు రావిపళ్లు తిని గింజలను ఊరంతా రాలుస్తాయి. నున్నటి రాతి మీద, రోడ్డు మీద, బస్సు పైకప్పు మీద పడినవి ఎండిపోతాయి. పగుల్లో, కాస్త తడిలో పడినది మొలుస్తుంది. ఆ మొక్కకు నోరుంటే "ఈ పగులు నాకు కచ్చితంగా సరిపోయేట్టు ఎవరు చెక్కారు?" అని అడుగుతుంది. ఎవరూ చెక్కలేదు. గింజలు లక్షల చోట్ల పడ్డాయి, ఇక్కడ పడినదానికే ప్రశ్న అడిగే యోగం పట్టింది. భౌతికవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ 1987లో శూన్యశక్తి గురించి ఇలాగే వాదించాడు. విశ్వాలు అనేకం ఉండి, ఒక్కోచోట ఆ విలువ ఒక్కోలా ఉంటే, మనం ఉన్నచోట అది నక్షత్రమండలాలు ఏర్పడే హద్దులోపల, కానీ సున్నా కాకుండా ఉండాలి అన్నాడు. 1998లో విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని రెండు బృందాలు కనిపెట్టినప్పుడు ఆ విలువ నిజంగానే సున్నా కాదని తేలింది, హద్దులోపలే ఉంది. ఇది మల్టీవర్స్‌కు రుజువు కాదు. కానీ కొట్టిపారేయదగిన ఊహ కూడా కాదు.

ఇక్కడ తర్కం చదివినవాళ్లు ఒక ఆక్షేపణ తెస్తారు. మీరు గదిలోకి అడుగు పెట్టగానే ఎవరో గవ్వలు వేశారు, ఆరుకు ఆరూ వెల్లకిలా పడ్డాయి. "పొద్దుటి నుంచి వేస్తూనే ఉండి ఉంటారు" అని మీరు అంటే తప్పు. ఈ ఒక్క పందెం గురించి అంతకు ముందు పందేలు ఏమీ చెప్పవు. తత్త్వవేత్త ఇయాన్ హ్యాకింగ్ 1987లో ఈ వాదాన్నే పాచికలతో చెప్పాడు. కానీ ఆరూ వెల్లకిలా పడితేనే మిమ్మల్ని లోపలికి పిలవాలన్న నియమం ఉంటే? అప్పుడు మీ ఊహ సబబే అవుతుంది. మనం అలా పిలవబడిన అతిథులమా కాదా అన్నదే తగవు. నేను అతిథులమేనన్న పక్షం వాడిని.

సరే, మొక్కకు పగులు గురించి జవాబు దొరికింది. మరి రావిచెట్టు ఎక్కడిది? పక్షి ఎక్కడిది? గింజలో మొలకెత్తే గుణం ఎలా వచ్చింది? బుడగ విశ్వాలను పుట్టించే ఇన్‌ఫ్లేషన్‌కు, దాని వెనక ఉన్న క్వాంటం నియమాలకు ఇవే ప్రశ్నలు వేయవచ్చు. వాటికి మల్టీవర్స్ జవాబు చెప్పదు, చెబుతానని అనదు కూడా. అందుకే దెబ్బ పడింది దేవుడి మీద కాదనీ, దేవుడి తరఫున మనం వేసిన ఒకానొక వకాలతు మీదనీ నేనంటాను. వకీలు ఓడిపోతే కక్షిదారు చచ్చిపోయాడని కాదు. కెనడాలో ఉండే డాన్ పేజ్‌ను చూడండి. హాకింగ్‌తో కలిసి పనిచేసిన భౌతికవేత్త, గట్టి క్రైస్తవ విశ్వాసి. ఒక్క విశ్వాన్ని చిన్న చిన్న వివరాలతో శ్రుతి చేసేకన్నా, కొద్దిపాటి సొగసైన నియమాలతో అనంత విశ్వాలను పండించడమే దేవుడి స్వభావానికి తగినదని ఆయన వాదన. అదే సమీకరణాల నుంచి వైన్‌బర్గ్ నాస్తికుడిగానే బయటికి వచ్చాడు.

మన దగ్గర ఈ వకాలతు చరిత్ర ఇంకా పాతది. పదో శతాబ్దం నాటి ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి అనుమానప్రమాణంతో, అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించే తర్కంతో, నిరూపించబూనాడు. కుండ కార్యం, అంటే చేయబడిన వస్తువు, కాబట్టి కుమ్మరి ఉన్నాడు, అలాగే భూమి, మొలక కార్యాలు కాబట్టి కర్త ఉండాలి అన్నది అందులో మొదటి హేతువు. గమనించండి, ఇందులో తంబురా శ్రుతి సంగతి లేదు. కుండ ఎంత అందంగా ఉందన్నది కాదు, అది చేయబడిన వస్తువా కాదా అన్నదే ప్రశ్న. విశ్వాలు కోటి అయితే కార్యాలు కోటి అవుతాయి, ఉదయనుడికి నష్టం లేదు. ఆయనకు ఎదురుదెబ్బ తగిలింది వేరే వైపు నుంచి, అదీ పరమ ఆస్తికుడైన రామానుజుడి చేతిలో. బ్రహ్మసూత్రాలనే వేదాంత గ్రంథానికి తాను రాసిన శ్రీభాష్యంలో, శాస్త్రయోనిత్వాధికరణం అనే భాగం దగ్గర రామానుజుడు ఇలా అడుగుతాడు: భూమి, సముద్రం మొదలైనవి కార్యాలే అనుకుందాం, కానీ అన్నీ ఒకేసారి ఒకే కర్త చేశాడని ఎలా చెబుతావు? వేరువేరు కాలాల్లో వేరువేరు కర్తలు చేసి ఉండకూడదా? ఊహతో సర్వజ్ఞుడైన ఒక్క ఈశ్వరుడు సిద్ధించడు, ఆయన్ను తెలిపేది శాస్త్రం, అంటే వేదం, మాత్రమే అని తేల్చేశాడు. నేను ఆ పుట చదివిన సాయంత్రం పుస్తకం మూసి చాలాసేపు నవ్వుకున్నాను. ఫైన్ ట్యూనింగ్ వాదం, అదే ఆ తంబురా శ్రుతి వాదం, పడిపోయిందని ఇప్పుడు బెంగపడేవాళ్లకు ఆయన, అసలు దాని మీద ఎవరు కూర్చోమన్నారని అడిగేవాడు.

బెల్జియం పూజారి, బిగ్ బ్యాంగ్‌కు తొలి రూపం ఇచ్చిన శాస్త్రవేత్త లెమైట్‌ర్ కూడా ఈ జాతివాడే. 1951 నవంబరులో పోప్ పన్నెండో పయస్ తన ప్రసంగంలో, విశ్వానికి ఆరంభం ఉందన్న కొత్త శాస్త్రం సృష్టికర్తకు సాక్ష్యం చెబుతోందన్నట్టు మాట్లాడారు. లెమైట్‌ర్‌కు అది నచ్చలేదు. తన సిద్ధాంతాన్ని మతం జోలికి తీసుకుపోవద్దన్నది ఆయన పట్టుదల. సిద్ధాంతం రేపు మారితే ఏం చేస్తారు మరి?

ఈ మాట మీ మామయ్యకు కూడా వర్తిస్తుంది. పురాణాల బ్రహ్మాండాలూ గూత్ బుడగలూ ఒకటి కావు. భాగవతంలో బ్రహ్మాండానికి ఏడు ఆవరణలు, ఒకదానికన్నా ఒకటి పదింతలు. ప్రతి అండంలో ఒక బ్రహ్మ, ఆయన పగలు 432 కోట్ల సంవత్సరాలు. అన్నిచోట్లా జీవులు, అన్నిచోట్లా అదే కర్మ, అదే ధర్మం. బుడగ విశ్వాల్లో అత్యధిక భాగం అణువు కూడా నిలవని బీళ్లు. పురాణం మాట ఏ కొలతనూ ముందుగా చెప్పదు, చెప్పాలన్న ఉద్దేశమూ దానికి లేదు. ఆ ఉద్దేశం ఏమిటో కృష్ణుడి లేగదూడలను దొంగిలించి భంగపడిన బ్రహ్మ స్తుతిలో తెలుస్తుంది. "ఏడు ఆవరణల ఈ అండమనే కుండలో ఏడు జానల దేహంతో ఉన్న నేనెక్కడ, ఇలాంటి అండాలు ఎవరి రోమకూపాల్లో, కిటికీలోంచి వచ్చే ఎండలో దుమ్ముకణాల్లా తిరుగుతున్నాయో ఆ నీవెక్కడ" అంటాడు. లెక్కలేనన్ని అండాలు వచ్చింది బ్రహ్మగారి అహంకారాన్ని ఏడు జానలకు దించడానికి. దీన్ని తెచ్చి "మేం ముందే చెప్పాం" అని ఛాతీ విరుచుకోవడం ఆ శ్లోకానికి సరిగ్గా ఎదురు నడవడం.

అయితే మామయ్య పక్షాన ఒక మాట. పౌరాణికుడికి ఇక్కడ కంగారు లేకపోవడానికి కారణం ఉంది. 1794లో రచయిత థామస్ పెయిన్ క్రైస్తవాన్ని ఎత్తిపొడుస్తూ, లోకాలు లెక్కలేనన్ని ఉంటే దేవుడు వాటన్నిటినీ వదిలి ఈ ఒక్క లోకంలో ప్రాణత్యాగం చేయడానికి వచ్చాడంటే నమ్మశక్యమా అని అడిగాడు. ఒక్కసారే జరిగిన అవతరణ మీద నిలబడిన మతానికి ఆ ప్రశ్న నిజంగా బరువైనది, అక్కడి వేదాంతులు ఇప్పటికీ దాని మీద రాస్తున్నారు. అవతారాలు యుగయుగానా అన్నవాళ్లకు, విశ్వవిశ్వానా అనడం పెద్ద కష్టం కాదు.

ఇక దుఃఖం సంగతి. ఉండగలిగిన విశ్వాలన్నీ ఉంటే, వాటిలో కడగండ్లు తప్ప ఏమీ లేనివీ ఉండాలి. దయామయుడు వాటిని ఎందుకు ఉండనిచ్చాడు? 1710లో జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్, దేవుడు సాధ్యమైన లోకాలన్నీ మనసులో చూసి శ్రేష్ఠమైనదాన్నే సృష్టించాడన్నాడు. అన్నీ ఉన్నాయంటే ఆ ఎంపికే పోతుంది. కొందరు ఈనాటి తత్త్వవేత్తలు, ఉండటం లేకపోవడంకన్నా మేలనిపించే విశ్వాలన్నిటినీ దేవుడు ఉంచాడనీ, మనది వాటిలో అట్టడుగుదైనా కావచ్చుననీ అంటారు. కాన్సర్ వార్డులో కూర్చున్నవాడికి ఈ మాట చెప్పగలమా అని నా అనుమానం. బ్రహ్మసూత్రం ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవని, ఆయన జీవుల కర్మను బట్టి నడుస్తాడని చెబుతుంది. విశ్వాల సంఖ్యతో ఆ జవాబు బలపడదు, బలహీనపడదు.

కర్మ నిజంగా ఇరుక్కునేది ఎవరెట్ దగ్గర. ఆయన లెక్కలో క్వాంటం సంఘటన జరిగినప్పుడల్లా సాధ్యమైన ఫలితాలన్నీ వేరువేరు శాఖల్లో జరుగుతాయి. మీరు ప్రతి నిర్ణయం తీసుకున్నప్పుడూ లోకం రెండవుతుందని సినిమాల్లో చూపిస్తారు. అది సరి కాదు, చీలిక మీ మనసును అడిగి జరగదు, శాఖల బరువులూ సమానం కావు. అయినా ఏదో ఒక పలచని శాఖలో, నాలాంటివాడే, నా బాల్యమే ఉన్నవాడు, దొంగతనం చేసి ఉండవచ్చు. ఆ కర్మ ఎవరిది? చీలకముందు ఉన్న జీవుడు ఒక్కడు. జీవుణ్ణి కోయడం కుదరదని గీత అంటుంది. మరి రెండో శాఖలోకి వెళ్లింది ఎవరు? కొత్త జీవుడైతే, చేయని పాత పుణ్యపాపాలు వాడికి ఎలా అంటాయి?

నాకు దొరికిన దగ్గరి పోలిక సౌభరి. మాంధాత కూతుళ్లు యాభై మందినీ పెళ్లాడి, యాభై దేహాలతో ఒకేసారి యాభై ఇళ్లలో కాపురం చేసిన ఋషి. ఇలా ఒక్కడు అనేక దేహాల్లో ఉండగలగడాన్ని బ్రహ్మసూత్రం నాలుగో అధ్యాయంలో దీపంతో పోలుస్తుంది, "ప్రదీపవదావేశః" (దీపంలా ప్రవేశించడం) అని. అయితే సౌభరికి యాభై ఇళ్ల సంగతీ తెలుసు. ఎవరెట్ శాఖల్లో పక్క ఇంటివాడు ఉన్నాడని కూడా మనకు తెలియదు. అక్కడ ఆ దీపం పోలిక పనికి వస్తుందా, రాదా అన్నది ఆరేళ్లుగా నేను తేల్చుకోలేకపోతున్నాను. మా గురువుగారు రాదన్నారు, ఎందుకో చెప్పమంటే వచ్చే వారం అన్నారు, ఆ వారం ఇంకా రాలేదు. మీ మామయ్యకు పురాణాల మీద పట్టు ఉందన్నారు కదా, గూత్ గురించి వాదన పెట్టుకోకుండా ఈ సౌభరి సంగతి అడగండి. ఆయన ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.